ఎఫ్‌బీఐ, కేరాఫ్ నెల్లూరు

ఢిల్లీలో డిటెక్టివ్ బోర్డులకు కొదవ లేదు. ఫ్లైఓవర్ స్తంభాల మీద, ఆటోల వెనక, కాలనీ గేటు పక్క గోడ మీద, మొలల మందుకీ ఇంగ్లీషు కోచింగుకీ నడుమ ఒక భూతద్దం బొమ్మ, దాని కింద ఫోన్ నంబరు. చేసే పనేమిటో కూడా అక్కడే రాసి ఉంటుంది. పెళ్లికి ముందు అబ్బాయి గురించి వాకబు, పెళ్లయ్యాక అదే అబ్బాయి గురించి మళ్లీ వాకబు. ఈ వ్యాపారాన్ని అదుపులో పెట్టడానికి 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. కాబట్టి డిటెక్టివ్‌నని చెప్పుకోవాలంటే ఒక గది, ఒక బోర్డు, కాస్త మొహమాటం లేకపోవడం చాలు. నేను చెప్పబోయే సినిమాకు పునాది ఈ సంగతే.

ఢిల్లీ డిటెక్టివ్‌ను ముచ్చటగా చెక్కినవాడు ఒకడున్నాడు గానీ ఆయన పని చేసింది కాగితం మీద. టార్క్విన్ హాల్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు 2009లో మొదలుపెట్టిన నవలల్లో విష్ పురీ అనే పంజాబీ పెద్దమనిషి ఉంటాడు. ఖాన్ మార్కెట్లో ఆఫీసు, సఫారీ సూటు, తలమీద టోపీ, ఇంటి మేడ మీద మిరప మొక్కలు. ఎవరైనా షెర్లాక్ హోమ్స్‌తో పోలిస్తే ఒంటికాలి మీద లేస్తాడు. గూఢచర్యానికి గురువు చాణక్యుడేనని వాదిస్తాడు. తన మనుషులకు ట్యూబ్‌లైట్, ఫేస్‌క్రీమ్, ఫ్లష్, హ్యాండ్‌బ్రేక్ అని పేర్లు పెట్టుకుంటాడు. పొద్దున లేచి కళ్లు తెరవడానికి ఆలస్యమయ్యేవాడు ట్యూబ్‌లైట్, డ్రైవరు హ్యాండ్‌బ్రేక్. పేరులోనే మనిషిని పట్టేసే పనితనం అది. తెలుగులో ఈ పేర్ల పనితనం సినిమాల్లో కనిపిస్తుంది. 2019 జూన్ 21న వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ను నేను చాలాసార్లు చూశాను. మొదటిసారి నవ్వుకోవడానికి, ఆ తర్వాత వాచీ వెనక మూత తీసి చూసినట్టు.

ముందు బోర్డు దగ్గర ఆగుదాం. నెల్లూరులో ఆత్రేయ నడిపే ఏజెన్సీ పేరు ఎఫ్‌బీఐ. విప్పితే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. అసలు పేరులోని ‘బ్యూరో’నీ ‘ఇన్వెస్టిగేషన్’నీ ముట్టుకోలేదు. ‘ఫెడరల్’ అన్న ఒక్క మాట ఊడదీసి అక్కడ ‘ఫాతిమా’ను బిగించారు. అంతే, వాషింగ్టన్ నుంచి నెల్లూరు బజారుకు వచ్చి పడ్డాం. తమాషా ఏమిటంటే, 1908లో పుట్టిన ఆ అమెరికా సంస్థ కూడా మొదట్లో ఉత్త బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషనే. ‘ఫెడరల్’ అన్నది 1935లో దాని ముందు చేరింది. ఆ లెక్కన మనవాడు కొట్టేసింది ఇంటిపేరు మాత్రమే. ఫెడరల్ అంటే ఒక దేశం మొత్తం, ఫాతిమా అంటే ఒక మనిషి. దేశమంత గొప్పలూ మనిషంత కొలతలూ ఉన్న ఏజెన్సీ ఇదని చెప్పడానికి రచయిత ఇంకో సీను రాయనక్కర్లేదు. బోర్డు చదివితే చాలు.

ఇలాంటి పనితనానికి మనకు అంతకు ముందే ఒక మేస్త్రీ ఉన్నాడు. 1986లో జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’కి మూలం మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల. అందులో డిటెక్టివ్ పేరు జేమ్స్ పాండ్. అసలు పేరు పాండురంగారావు. బాండ్‌లోని ‘బ’ తీసి ‘ప’ పెట్టడం పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ నోట్లో ఏం జరుగుతోందో గమనించండి. రెండక్షరాలూ పెదవులు కలిస్తే పుట్టేవే. ‘బ’ నుంచి ‘ప’కు రావడానికి నాలుక కదలదు, పెదవి జరగదు, గొంతులో నాదం ఒక్కటి ఆగుతుంది. అంటే పలికేవాడికి తాను బాండ్‌నేనన్న భ్రమ దాదాపు చెక్కుచెదరదు. వినేవాడికి మాత్రం ఇంగ్లీషులో చెరువు వినిపిస్తుంది. పైగా ఆ ‘పాండ్’ బయటినుంచి తెచ్చింది కాదు, పాండురంగడిలోంచే తుంచింది. ఇంటి మట్టితోనే చేసిన విదేశీ బొమ్మ. ‘ఖైదీ’ తర్వాత ఫైట్లకు పేరుపడ్డ చిరంజీవిని తీసుకొచ్చి చాప్లిన్ వేషం, ఆడవేషం వేయించిన సినిమా అది. ఇంకో చిన్న సంగతి. పైకి చూస్తే సినిమాకు పెట్టిన పేరు వెదికేవాడిది కాదు, అతను వెదుకుతున్న మనిషిది. అలా ఎందుకు పెట్టారో తెలియాలంటే చివరి రీలు దాకా కూర్చోవాలి.

ఆత్రేయ పేరులోనూ అలాంటి కూర్పే ఉంది. ముందు ‘ఏజెంట్’, వెంటనే ‘సాయి’, ఆ పైన ‘శ్రీనివాస’, చివర గోత్రం చెబుతున్నట్టు ‘ఆత్రేయ’. మొదటి మాటకు బ్యాంకు లాకరు తలుపు తెరుచుకోవాలి. తర్వాతి మూడింటికీ గుడిలో పూజారి అర్చన మొదలుపెడతాడు. నెల్లూరు జిల్లాలో ఆత్రేయ అంటే మనసు కవి ఆచార్య ఆత్రేయ గుర్తుకు రాకుండా ఉంటాడా? ఆయన పుట్టిన మంగళంపాడు ఈ సినిమా వచ్చేనాటికి ఆ జిల్లాలోదే. సినిమావాళ్లు అది దృష్టిలో పెట్టుకున్నారని నేను అనను. కానీ ఆ మట్టిలో ఆ పేరు బరువు వేరు.

పేరు తర్వాత వేషం. పొడవాటి కోటు. లండన్ మంచులో పుట్టిన కోటు అది. నెల్లూరు ఎండలో దాన్ని తొడుక్కునేవాడు రెండే రకాలుగా ఉంటాడు, పిచ్చివాడైనా కావాలి, సినిమాలు ఎక్కువ చూసినవాడైనా కావాలి. ఆత్రేయ రెండో రకం. డిటెక్టివ్ పని అతనికి ఏ గురువూ నేర్పలేదు, తెరలు నేర్పాయి. దర్శకుడు స్వరూప్ ఆర్‌ఎస్‌జే, నటుడు నవీన్ పొలిశెట్టి కలిసి రాసుకున్న స్క్రిప్టులో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే దూలం ఇదే. మిగతా నిర్మాణమంతా దాని మీద నిలబడింది. ఎందుకో కాస్త నెమ్మదిగా చెప్పాలి.

డిటెక్టివ్ కథలో ప్రధాన యంత్రం ఊహ. బూటు మీది మట్టి చూసి మనిషి ఏ వీధినుంచి వచ్చాడో చెప్పడం. 1887లో మొదలైన షెర్లాక్ హోమ్స్ ఊహలు దాదాపు ఎప్పుడూ తప్పవు. అందుకే ఆయన్ని చూసి ఆశ్చర్యపోతాం గానీ నవ్వం. దానికి పూర్తిగా ఎదురు కొసన 1963లో వచ్చిన ‘పింక్ పాంథర్’లోని క్లూసో ఉన్నాడు. పోలీసు ఇన్‌స్పెక్టరే గానీ ఆయన ఊహ ఒక్కటీ నిలవదు. కేసులో ఏదైనా తేలిందంటే అది ఆయన కాలు తగిలి పడ్డ వస్తువు చలవే. హోమ్స్‌తో ఉంటే ధైర్యంగా ఉంటుంది, క్లూసోతో ఉంటే సరదాగా ఉంటుంది. రెండూ ఒకే మనిషిలో కావాలంటే పాళ్లు తెలియాలి. ఆత్రేయ ఊహల్లో కొన్ని తప్పుతాయి, కొన్ని తగులుతాయి. అన్నీ తప్పితే మనం అతన్ని నమ్మం. అన్నీ తగిలితే నవ్వం. పచ్చడిలో చింతపండు, కారం సమపాళ్లలో పడాలంటారే, అలాంటి లెక్క. ఒక గొప్ప చెప్పుకున్నాక దాన్ని వమ్ముచేసే సీను ఎక్కడ రావాలి, వమ్మైన తర్వాత ఎంతసేపటికి అతను ఒక నిజమైన పట్టు పట్టాలి అన్నది వీళ్లు కొలిచి పెట్టారు.

ఆ పాళ్లు కుదరడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. హోమ్స్‌కు వాట్సన్, కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌కు రాజు. ఇక్కడ స్నేహ, పని నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి, శ్రుతి శర్మ వేసింది. అసిస్టెంటు పాత్ర చేసే పని పైకి కనిపించేది కాదు. డిటెక్టివ్ తనలో తాను అనుకున్నది బయటికి రావాలంటే అడిగేవాళ్లుండాలి. ఆత్రేయ విషయంలో ఇంకో అవసరం కూడా ఉంది: గొప్పలు చెప్పాలంటే వినేవాళ్లు కావాలి. ఎవరూ లేని గదిలో కోటు తొడుక్కుని కూర్చున్న మనిషిని చూస్తే జాలేస్తుంది. ఎదుట ఒక కొత్త శిష్యురాలు ఉంటే అదే కోటుకు నవ్వొస్తుంది. ఆమెను తీసేసి అవే సీన్లు ఊహించుకుని చూడండి, సినిమా రంగే మారిపోతుంది.

ఇంతవరకు చెప్పింది కామెడీ సామాను. ఇప్పుడు దాని కింద దాచిన బరువు దగ్గరికి రావాలి. అందుకు నేను మళ్లీ ఢిల్లీ రావాలి.

ఇక్కడి హిందీ పత్రికల్లో లోపలి పేజీలో ఢిల్లీ పోలీసులు వేయించే ఒక చిన్న ప్రకటన ఉంటుంది. దాని శీర్షిక ‘శోర్-ఎ-గోగా’. కచేరీల్లో పారసీ, ఉర్దూ నడిచిన రోజులనుంచి మిగిలిపోయిన మాట. గోల పెట్టడం, నలుగురికీ కేక వేసి చెప్పడం అని అర్థం. కింద మరకలా అచ్చయిన ఒక ముఖం. వయసు సుమారు ఇంత, ఎత్తు ఇంత, ఒంటిమీద ఫలానా రంగు చొక్కా, దొరికిన చోటు. గుర్తుపట్టినవాళ్లు ఫలానా ఠాణాకు చెప్పాలి. ఇవే వివరాలు ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల పోలీసులు కలిసి నడిపే జిప్‌నెట్ అనే వెబ్‌సైట్లో కూడా వరసగా కనిపిస్తాయి. తప్పిపోయినవాళ్లు ఒక పట్టికలో, ఎవరో తెలియని మృతులు ఇంకో పట్టికలో. ఒకే మనిషి రెండు పట్టికల్లోనూ ఉండొచ్చు, ఆ రెంటినీ కలిపేవాళ్లు లేకపోవచ్చు. సాధారణంగా 72 గంటలు చూసి, ఎవరూ రాకపోతే దహనమో ఖననమో చేసేస్తారు. ఇక్కడ అలాంటి దేహాన్ని ‘లావారిస్’ అంటారు, వారసుడు లేనిదని. మన పత్రికలు ‘గుర్తుతెలియని మృతదేహం’ అని రాస్తాయి, జనం ‘అనాథ శవం’ అంటారు. హిందీ మాట ఆస్తి లెక్కలోంచి వచ్చింది, పత్రికల మాట పోలీసు లెక్కలోంచి వచ్చింది. ‘అనాథ’ ఒక్కటే మనిషి పక్కనుంచి చూసి పెట్టిన మాట.

ఆత్రేయ చేతికొచ్చే కేసు ఇదే. రైలు పట్టాల పక్కన దొరుకుతున్న అనాథ శవాలు. అంతవరకు చిన్నాచితకా కేసులతో నెట్టుకొస్తున్నవాడు, పాత్రికేయుడైన మిత్రుడి ద్వారా అలాంటి ఒక శవం సంగతి తెలిసి అక్కడికి పోతాడు. శవం పక్కన నిలబడ్డ మనిషిని పోలీసులు ఏం చేస్తారో అదే చేస్తారు, పట్టుకుపోయి లోపల వేస్తారు. ఇక్కడ ఆగి చూడండి. నవ్వించడానికి పెట్టిన డిటెక్టివ్ పిచ్చే అతన్ని అనుమానితుడిగా నిలబెట్టింది. నవ్వించే వస్తువూ కథను నడిపే వస్తువూ ఒకటే. లాకప్పులో అతనికి కూతురి హత్య గురించి మొరపెట్టుకునే ఒక పెద్దాయన తారసపడతాడు. కేసు అక్కణ్నుంచి మెలికలు తిరుగుతుంది.

రైలు పట్టాలనే ఎందుకు ఎంచుకున్నారు? ఇది రచయితల తెలివి. పట్టాల మీద శవం కనిపిస్తే చూసినవాడి మనసులో రెండే మాటలు మెదులుతాయి: ప్రమాదం, లేకపోతే ఆత్మహత్య. మూడో మాట రావడానికి సమయం పడుతుంది. ఆ మనిషి అక్కడివాడే కానక్కర్లేదు, రైలులో ఎక్కణ్నుంచైనా వచ్చి ఉండొచ్చు. కాబట్టి ఊళ్లో ఎవరూ గుర్తుపట్టకపోయినా ఎవరికీ వింతగా తోచదు. రైల్వే పోలీసుల హద్దు ఎక్కడ ముగుస్తుందో, ఊరి పోలీసుల హద్దు ఎక్కడ మొదలవుతుందో తేలేలోగా ఇంకో రైలు పోతుంది. 174 సెక్షన్ కింద (ఈ సినిమా వచ్చేనాటికి ఇంకా పాత నేరవిచారణ చట్టమే) శవ పంచనామా జరుగుతుంది, కాగితం ఫైలులోకి పోతుంది. ఇక నెల్లూరు ఎలాంటి ఊరంటే, మద్రాసు వైపు ప్రధాన రైలుమార్గం నడిబొడ్డున ఉన్న ఊరు. ఢిల్లీ తెలుగువాళ్లకు అది జీటీ ఎక్స్‌ప్రెస్ ఆగే స్టేషను. సినిమా చూశాక ఓసారి జీటీలో పోతూ నెల్లూరు ప్లాట్‌ఫాం మీద టీ తాగాను. రైలు కదిలాక కిటికీలోంచి పట్టాల పక్క కంపచెట్లు కనిపించాయి. అంతకు ముందు ఎన్నిసార్లు అటు పోయానో, ఎన్నడూ వాటివైపు చూసి ఎరగను.

సినిమా చూడనివాళ్ల కోసం ఆ శవాల వెనక ముడి విప్పను. ఒక్కటి చెప్పగలను. ఆత్రేయకు తెలిసిన నేరం సినిమా నేరం. అందులో ఒక హంతకుడుంటాడు, ఒక పగ ఉంటుంది, అనుమానితుల జాబితా ఉంటుంది. అందుకే మొదట్లో అతను పేర్లు రాసుకుంటాడు, ఫోన్ కాల్స్ వివరాలు పట్టుకుని ఒక్కొక్కరి వెంట పడతాడు. కానీ ఎదురైన నేరానికి పగ లేదు, అది జనం నమ్మకాన్ని అడ్డం పెట్టుకున్న వ్యాపారం. ఏ సినిమా పిచ్చి చూసి మనం మొదటి గంట నవ్వుకున్నామో, ఆ సినిమా పిచ్చే కేసులో అతన్ని తప్పుదారి పట్టిస్తుంది. మామూలు కామెడీ డిటెక్టివ్ సినిమాల్లో జోకులు ఒక పెట్టెలో, కేసు ఇంకో పెట్టెలో ఉంటాయి. దర్శకుడు ఓసారి ఈ మూత, ఓసారి ఆ మూత తీస్తుంటాడు. ఇందులో పెట్టె ఒకటే. కీలు కనబడకుండా వడ్రంగి చేసిన తలుపులాగ.

ఇంకో బిగింపు ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది అది. ఆత్రేయకు తల్లి పోయిన కబురు అందుతుంది. పరుగున ఊరికి పోతాడు. అతను చేరేసరికి బంధువులు కార్యక్రమం ముగించేసి ఉంటారు. కడచూపు దక్కదు. ఒక్కగానొక్క కొడుకు ఏడుపు, ఆపైన కథ మళ్లీ నవ్వుల్లో పడిపోతుంది. మనమూ ఆ తల్లి సంగతి మరిచిపోతాం, పాత్రకు కాస్త తడి అద్దడానికి పెట్టిన సీను కాబోలు అనుకుంటాం. తల్లి అంత్యక్రియలకు అందని కొడుకు, అంత్యక్రియలు దక్కని శవాల కేసు పట్టుకున్నాడని నాకు తట్టింది రెండోసారి చూసినప్పుడే.  రెండు వాక్యాలను దూరదూరంగా పెట్టి, మధ్య గీత గీసే పని చాలాసేపు మనకు వదిలేశారు.

ఈ బరువంతా మోయడానికి నవీన్ పొలిశెట్టి దగ్గరున్న పరికరం వేగం. ఏఐబీ అనే హాస్య బృందం వీడియోల్లో తేలిన మనిషి. అక్కడ రెండు నిమిషాల్లో నవ్వించలేకపోతే చూసేవాడు వెళ్లిపోతాడు. గొప్పలు చెప్పేటప్పుడు మాట మీద మాట పడుతుంది, ఊపిరికి చోటుండదు. వాక్యం చివరికి వచ్చేసరికి తనకే అనుమానం వచ్చి గొంతు కాస్త తగ్గుతుంది. మొదటి సగంలో నవ్వు ఎక్కువగా ఆ చివరి తగ్గుదలలోనే పుడుతుంది. దుఃఖం దగ్గర అదే మనిషి వేగాన్ని పూర్తిగా ఆపేస్తాడు. అంతసేపు గలగలమన్న మనిషి ఊరకుండేసరికి, పక్కింట్లో మిక్సీ ఆగితే తెలిసినట్టు, ఆ నిశ్శబ్దం తెలుస్తుంది. తన డైలాగులు తానే కలిసి రాసుకోవడంలో లాభం ఇది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో రాసేటప్పుడే తెలుస్తుంది.

లోపం లేదనను. చివరి భాగంలో చెప్పాల్సింది ఎక్కువైపోయి, సమాచారాన్ని బకెట్లతో కుమ్మరించారు. అంతవరకు వస్తువులతో, చూపులతో, బోర్డుతో చెప్పుకుంటూ వచ్చినవాళ్లు అక్కడ మాత్రం పాఠం చెబుతారు. కొత్త దర్శకుడు కదా, తన పరిశోధనలో ఒక్క చుక్క కూడా పారబోయడానికి మనసొప్పలేదేమో. మొదటిసారి చూసినప్పుడు ఒకటి రెండు ముడులు నాకు జారిపోయాయి, వెనక్కి తిప్పుకుని చూడాల్సి వచ్చింది. థియేటర్లో చూసినవాళ్లకు ఆ సదుపాయం లేదు. 2022లో దీన్నే తమిళంలో సంతానం అనే నటుడితో ‘ఏజెంట్ కన్నాయిరం’గా తీశారు, ఇంత ఆదరణ దక్కలేదు. పటం ఒకటే అయినా పాళ్లు వేరు, నోరు వేరు.

చూడనివాళ్లు ఈ వారం చూడండి. చూసినవాళ్లు మళ్లీ చూడండి, ఈసారి నవ్వొచ్చిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆపి ఆ సీన్లో ఇంకేం పెట్టారో వెదకండి. తల్లి పోయిన కబురు వచ్చే చోట మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి.